తెలియదన్నవాళ్లను నిలబెట్టకండి

రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల డీన్లకు, ప్రిన్సిపాళ్లకు, బైపీసీ లెక్చరర్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో హౌస్ సర్జన్‌ని. 2017 నుంచి 2019 దాకా మీలాంటి ఒక కాలేజీలో బైపీసీ చదివాను. మెడికల్ సీటు రాకపోతే, మళ్లీ ఏడాది కోచింగ్ కోసం ఇంకో చోట లాంగ్ టర్మ్‌లో చేరాను. ఏ కాలేజీ అని అడక్కండి. పేరు చెబితే మిగతావాళ్లందరూ ‘హమ్మయ్య, మనం కాదు’ అనుకుంటారు. ఫీజుల గురించీ, హాస్టల్ అన్నం గురించీ రాసేవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి వాటి జోలికి పోను. మీ క్లాసులో నాకు పట్టుబడిన ఒక అలవాటు గురించి రాస్తున్నాను. అది నాతోపాటు వార్డు దాకా వచ్చింది.

పోయిన నవంబరులో మెడిసిన్ వార్డులో డ్యూటీ. పదకొండో బెడ్ మీద యాభై ఏళ్లావిడ. పదిహేనేళ్లుగా షుగర్, కిడ్నీలు దెబ్బతిన్నాయి, రెండు రోజులుగా కాళ్లలో సత్తువ లేదంటోంది. పొద్దున రక్తం తీసి ల్యాబుకి పంపాను. సాయంత్రం రౌండ్స్‌లో పీజీ మేడమ్ నడుస్తూ నడుస్తూనే అడిగారు: “ఈవిడ పొటాషియం వచ్చిందా?”

నేను ల్యాబుకే వెళ్లలేదు. అడ్మిషన్ల హడావిడిలో పూర్తిగా మర్చిపోయాను. నోట్లోంచి మాత్రం “వచ్చింది మేడమ్, నార్మల్” అని వచ్చేసింది. ఆలోచించి ఆడిన అబద్ధం కాదది. తుమ్ము వచ్చినట్టు వచ్చింది.

మేడమ్ కేస్‌షీట్ తిరగేశారు. స్లిప్పు లేదు. ఒకసారి నా మొహంలోకి చూసి, ఏమీ అనకుండా ఈసీజీ మెషీన్ తెప్పించారు. కాగితం మీద టీ వేవ్‌లు గుడారాల్లా నిక్కి నిలబడి ఉన్నాయి. నన్ను ల్యాబుకి పరిగెత్తించారు. పొటాషియం 6.8. మామూలుగా 3.5కీ 5కీ మధ్య ఉండాల్సింది. ఏడు దగ్గర పడిందంటే గుండె ఎప్పుడు లయ తప్పుతుందో ఎవరూ చెప్పలేరు. క్యాల్షియం గ్లూకోనేట్ ఇచ్చారు, ఆ వెంటనే ఇన్సులిన్, డెక్స్‌ట్రోస్ ఎక్కించారు. రాత్రి పదింటికి ఈసీజీ సర్దుకుంది. తెల్లారి ఆవిడే నన్ను పిలిచి, “అమ్మాయ్, కాఫీ తాగొచ్చా?” అని అడిగింది. రాత్రి తనకేమైందో ఆవిడకి తెలియదు.

డ్యూటీ రూములో మేడమ్ నన్ను ఒక్క మాటే అడిగారు. “చూడలేదని చెప్తే ఏం చేస్తాను? తిడతాను. అంతేగా?”

తలొంచుకుని నిలబడ్డాను. ఎందుకు అలా అన్నానో నాకు తెలుసు. ఆ సంగతి ఆవిడకి చెప్పి లాభం లేదు, మీకు చెప్పాలి.

ఇంటర్ సెకండియర్, జువాలజీ క్లాసు. విసర్జన వ్యవస్థ పాఠం అయిపోయిన మర్నాడు సార్ వరసగా లేపి ప్రశ్నలు అడుగుతున్నారు. “ఆల్డోస్టెరాన్ నెఫ్రాన్‌లో ఎక్కడ పనిచేస్తుంది?” నా వంతు. ఆ లైను కింద ఎర్ర పెన్నుతో రెండుసార్లు గీత కొట్టి ఉంది. పేజీలో కుడివైపు, కింద నుంచి మూడో లైను అని కూడా గుర్తుంది. జవాబు మాత్రం రావట్లేదు. “తెలియదు సార్” అన్నాను. “స్టాండప్.” పక్క అమ్మాయిని లేపారు. తను టకీమని “హెన్లీ లూప్ సార్” అంది. తప్పు. “తప్పమ్మా. అయినా కనీసం ట్రై చేశావు, కూర్చో.” నేను గంట కొట్టేదాకా నిలబడ్డాను. తర్వాతి పీరియడ్ ఫిజిక్స్ సార్ వచ్చి, “ఏంటి, నిన్నటి బ్యాలెన్సా?” అని నవ్వి, కూర్చోమనలేదు.

అరవైమంది చూశారు. అరవైమందికీ అర్థమైంది. తెలియకపోతే ఏదో ఒకటి చెప్పాలి, అదీ గట్టిగా చెప్పాలి. సెకండియర్ అయ్యేసరికి మా సెక్షన్‌లో ‘తెలియదు’ అనే మాట వినపడటం మానేసింది. మాకు అన్నీ వచ్చేశాయని సార్లు అనుకుని ఉంటారు.

చిత్రమేమిటంటే, మీరు మమ్మల్ని ఏ పరీక్ష కోసం తయారుచేస్తున్నారో ఆ పరీక్షే ఇంత కఠినంగా ఉండదు. మెడికల్ ఎంట్రన్స్ నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఒప్పు రాస్తే నాలుగు, తప్పు రాస్తే మైనస్ ఒకటి, వదిలేస్తే సున్నా. అంటే తెలియదని ఒప్పుకున్నవాణ్ని నీట్ ఏమీ అనదు, తప్పు చెప్పినవాడి దగ్గరే మార్కు కోస్తుంది. మీ క్లాసులో లెక్క తలకిందులు. మీ ఫిజిక్స్ సార్ వెంటనే ఒక మాట అంటారు, నాకు తెలుసు: నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి కొట్టినా సగటున ప్రశ్నకి పావు మార్కు లాభమే కదమ్మా అని. నిజమే సార్, ఆ లెక్క నేనూ వేశాను. పరీక్ష హాల్లో చెల్లుతుంది. పదకొండో బెడ్ దగ్గర మైనస్ ఎంతో ముందుగా ఎవరూ చెప్పరు.

ఇక చదువు సంగతి. నాకు చదవడం ఎప్పుడు వచ్చిందో చెబితే మీకు కోపం రావచ్చు. 2019లో మీ షెడ్యూలు ప్రకారం చదివితే నీట్‌లో 402 వచ్చాయి. లాంగ్ టర్మ్ మధ్యలో ఉండగా, 2020 మార్చిలో కరోనా వచ్చి హాస్టల్ ఖాళీ చేయించారు. మే 3న జరగాల్సిన నీట్ జూలై 26కి వాయిదా పడింది, అక్కణ్నుంచి సెప్టెంబరు 13కి పోయింది. ఆ ఆరు నెలలు మార్కాపురంలో మా ఇంట్లో ఉన్నాను.

మా నాన్న పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవారు. ఒకప్పుడు మార్కాపురం పలక పట్టని బడిపిల్లాడు లేడనేవారు. ఇప్పుడు బడిపిల్లలకి పలకే అక్కర్లేదు. ఇంట్లో ఓ మూలన అంచు విరిగినవి, ఫ్రేము బిగించనివి పాతిక పలకల దాకా పడుండేవి. లాక్‌డౌన్ మొదలైన రెండు వారాలకి నా దగ్గర తెల్లకాగితాలు అయిపోయాయి. పుస్తకాల షాపులు మూసి ఉన్నాయి. ఒక పలక తుడుచుకుని, బలపం తీసుకుని కూర్చున్నాను.

నెఫ్రాన్ పాఠమే తీశాను, కసి కొద్దీ. చదివి, పుస్తకం మూసి, బొమ్మ వేయడం మొదలుపెట్టాను. బౌమన్ గుళిక వేశాను, దాని కింద ఒక వంకర గీత, ఆ తర్వాత ఏమీ లేదు. రెండేళ్లు తిరగేసి తిరగేసి అట్ట ఊడిన పుస్తకం పక్కనే ఉంది, పలక మాత్రం నల్లగా ఖాళీగా ఉంది. ఏడుపొచ్చేసింది. అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, “రాకపోతే చూసి రాసుకోవే, ఎవరు చూడొచ్చారు!” అంది.

చూశాను. తడిగుడ్డతో పలక తుడిచాను. మళ్లీ వేశాను. ఈసారి హెన్లీ లూప్ దాకా వచ్చింది. నాలుగోసారికి మొత్తం వచ్చింది. మూడు రోజులాగి మళ్లీ వేస్తే సగం పోయింది. వారానికి ఇంకోసారి. ఆ తర్వాత పోలేదు. ఆల్డోస్టెరాన్ పనిచేసేది నాళిక చివరి భాగాల్లో, అక్కడ సోడియాన్ని వెనక్కి లాగి పొటాషియాన్ని బయటికి పంపిస్తుంది. ఇప్పుడు అర్ధరాత్రి లేపి అడిగినా చెప్తాను. పదకొండో బెడ్ ఆవిడకి కిడ్నీలు చేయలేకపోయింది ఆ పనే. పాఠం నాకు అప్పటికే వచ్చు. రానిది వేరే.

ఈ పలక పద్ధతి నేను కనిపెట్టిందేమీ కాదని ఎంబీబీఎస్‌కి వచ్చాకే తెలిసింది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు సైకాలజీవాళ్లు కాలేజీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. ఒక గుంపు చేత ఒకే పాఠాన్ని నాలుగుసార్లు చదివించారు. ఇంకో గుంపు చేత ఒక్కసారే చదివించి, మూడుసార్లు చూడకుండా గుర్తున్నది రాయించారు. ఐదు నిమిషాలాగి పరీక్ష పెడితే నాలుగుసార్లు చదివినవాళ్లదే పైచేయి, 83 శాతానికి 71. వారం తర్వాత పెడితే చదివినవాళ్లకి 40 శాతం గుర్తుంది, రాసినవాళ్లకి 61. నవ్వొచ్చే సంగతి ఇంకోటుంది. మాకే బాగా గుర్తుంటుందని ముందుగా గట్టిగా నమ్మింది చదివినవాళ్లే.

మీ స్టడీ అవర్ గుర్తుచేసుకోండి. పొద్దున ఐదున్నరకి మొదలు, రాత్రి పదిన్నరకి ముగింపు. అందరూ తలలు వంచుకుని పుస్తకం వైపు చూస్తూ ఉండాలి. తల ఎత్తి పైకప్పు చూస్తూ ఒక పాఠం మనసులో నెమరేసుకుంటున్న పిల్లని ఇన్‌ఛార్జ్ వచ్చి “ఏం కలలు కంటున్నావ్?” అంటారు. ఆ హాల్లో అసలు చదువుతున్నది ఆ ఒక్క పిల్లే అయ్యుండొచ్చు. పుస్తకం మూసి కూర్చున్నవాళ్లని తిట్టకుండా ఉంటే చాలు, సగం పని అయిపోతుంది. మా లాంగ్ టర్మ్ హాస్టల్‌లో నేను ముందే పలక తీసుకెళ్లి ఉంటే వార్డెన్ ఏమనేవారో ఊహించగలను. ఒకటో తరగతిలో చేర్పించమంటారా అని నాన్నకి ఫోన్ చేసేవారు.

రెండో అలవాటు తప్పుల పుస్తకం. మీరూ ‘ఎర్రర్ బుక్’ రాయిస్తారు, కాదనను. కానీ మేం రాసేదేమిటి? ప్రశ్న నంబరు, సరైన జవాబు, సంతకం కోసం ఇన్‌ఛార్జ్ ముందు క్యూ. ఇంట్లో ఉన్నప్పుడు జవాబు రాయడం మానేసి, తప్పు ఎందుకు వచ్చిందో రాయడం మొదలుపెట్టాను. జూన్‌లో రాసిన ఒక గ్రాండ్ టెస్టులో 41 తప్పులు వచ్చాయి. అందులో పాఠమే తెలియక పోయినవి తొమ్మిది. తెలిసీ తొందరలో పోయినవి పదమూడు, ‘కానిది ఏది’ అని అడిగితే ‘అయినది’ పెట్టడం లాంటివి. మిగతా పంతొమ్మిది తెలుసనుకుని, ఏ అనుమానమూ లేకుండా, ధైర్యంగా తప్పు పెట్టినవి. ఆ పంతొమ్మిదిని చూసి నాకు భయం వేసింది. ర్యాంకు లిస్టులో ఇది కనపడదు. అక్కడ ఒక నంబరు ఉంటుంది, ఆ నంబరుకి పైన ఎంతమంది ఉన్నారో ఉంటుంది. ఆ పంతొమ్మిదిని పట్టుకునే మిగతా మూడు నెలలు పనిచేశాను. సెప్టెంబరులో 563 వచ్చాయి.

మీ దగ్గర ఆదివారం టెస్ట్, సోమవారం లిస్ట్, మంగళవారం కొత్త చాప్టర్. తప్పు వైపు వెనక్కి తిరిగి చూడ్డానికి ఒక్క పూట లేదు. సోమవారం రాత్రి స్టడీ అవర్ మొత్తం దానికే వదిలేయండి. సిలబస్ వెనకబడదు. వెనకబడినా, ముందుకు పోయి మర్చిపోయేదానికంటే నష్టమేముంది?

నిద్ర గురించి ఎక్కువ రాయను. పదహారు, పదిహేడేళ్ల పిల్లలకి రోజుకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని నిద్ర నిపుణులు చెబుతారు. మాకు దొరికేది ఐదున్నర. పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే అని మీరే ఫిజియాలజీ పుస్తకం తెరిస్తే కనపడుతుంది. పొద్దున ఐదింటికి బకెట్‌లో చన్నీళ్లు మొహాన కొట్టుకుని కళ్లు తెరుచుకుని నిద్రపోయే విద్య మాత్రం మీ దగ్గర బాగా వచ్చింది, నైట్ డ్యూటీల్లో అక్కరకొస్తోంది. అందుకు థాంక్స్.

నోటీసు బోర్డు దగ్గరికి వద్దాం. మా కాలేజీలో మెట్ల పక్కన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఫొటో ఉండేది, దాని కిందే ర్యాంకు లిస్టు అంటించేవారు. భీమవరంలో పుట్టిన ఆయన మెట్రిక్యులేషన్ గట్టెక్కింది మూడో ప్రయత్నంలో. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కోటు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కి కంటగింపై, ఎంబీబీఎస్‌కి బదులు అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టాతో బయటపడ్డారు. బోదకాలు రాకుండా మన ఊళ్లలో ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర అమెరికాలో ఆయన నడిపిన పరిశోధనలోంచే వచ్చింది. ఫొటో కింద ‘తెలుగు తేజం’ అని రాశారు, మెట్రిక్ సంగతి రాయలేదు. రాసి ఉంటే ఆ ఫొటో కింద నిలబడి తన పేరు కింది నుంచి వెతుక్కునే పిల్లకి కాస్త ఊపిరి ఆడేది.

ప్రతి నెలా సెక్షన్ షిఫ్టింగ్. పెట్టె, పరుపు మోసుకుని పై అంతస్తు నుంచి కింది అంతస్తుకి దిగుతుంటే అందరూ వరండాల్లోకి వచ్చి చూసేవారు. నేను రెండుసార్లు దిగాను. కింది సెక్షన్‌కి వెళ్తే లెక్చరర్లు కూడా మారిపోతారు. బాగా చెప్పేవాళ్లు బాగా వచ్చినవాళ్లకే. జబ్బు ఎక్కువున్నవాడికి జూనియర్‌నీ, జలుబు ఉన్నవాడికి ప్రొఫెసర్‌నీ పంపే ఆసుపత్రి ఎక్కడైనా ఉంటుందా?

ఇది నా ఒక్కదాని ఏడుపు అనుకోకండి. విశాఖపట్నంలో నీట్ కోసం చదువుతూ చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, అందరి ముందూ అవమానించడం, శక్తికి మించిన టార్గెట్లు పెట్టడం వీలైనంత వరకు మానుకోవాలని అందులో ఉంది. వందమంది, అంతకు పైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో కనీసం ఒకరు ఉండాలనీ ఉంది. అది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది పరుపు మోసుకుంటూ మెట్లు దిగడమే. ‘వీలైనంత వరకు’ అన్న మాటని పట్టుకుని మీలో కొందరు ఊపిరి పీల్చుకుని ఉంటారు. దయచేసి ఆ మాట వెనక దాక్కోకండి. ర్యాంకు లిస్టు పీకేసిన చోట అవే గుండుసూదులతో మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 అంటించండి. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది.

మీ వల్ల మేలు జరగలేదని అంటే కళ్లు పోతాయి. మా వీధిలో డాక్టర్ చదువు అనే మాట అన్న మొదటి మనిషి మీ పీఆర్వోనే. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన నాకు ఇంగ్లీషులో బయాలజీ అర్థమయ్యేలా చెప్పింది మీ లెక్చరర్లే. లాక్‌డౌన్‌లో ఇల్లు అందరికీ అచ్చిరాలేదని కూడా తెలుసు. నా రూమ్మేట్ ఇంట్లో ఒకే ఫోన్, ముగ్గురు పిల్లలు, నాన్నకి పని లేదు. నాకంటే తెలివైన పిల్ల, ఆ ఏడు సీటు పోగొట్టుకుంది. హాస్టల్‌లోనే ఉండుంటే తనకి వచ్చేదేమో. అందుకే కాలేజీలు మూసేయమని నేను అనడం లేదు. ఆ గోడల మధ్యే ఈ మాత్రం మార్పు కుదురుతుందని అంటున్నాను.

కుదురుతుందని ఎలా తెలుసంటే, నేను చూశాను. లాంగ్ టర్మ్‌లో మాకు బాటనీ చెప్పిన మేడమ్ ఒకరోజు కొబ్బరినీళ్ల గురించి చెబుతున్నారు. కొబ్బరినీళ్లు కణాలుగా విడిపోని ఎండోస్పెర్మ్, చుట్టూ ఉండే తెల్ల కొబ్బరి కణాలుగా విడిపోయిన ఎండోస్పెర్మ్. వెనక బెంచీలోంచి కోనసీమ అమ్మాయి లేచి, “మరి కొబ్బరి పువ్వు ఏంటి మేడమ్?” అని అడిగింది. మొలకెత్తిన కాయ పగలగొడితే లోపల తెల్లగా, బంతిలా, తియ్యగా ఉంటుందే, అది.

మేడమ్ సుద్దముక్క పట్టుకుని కాసేపు ఆగారు. “నాకు తెలియదమ్మా. రేపు చెప్తా” అన్నారు.

క్లాసు మొత్తం నిశ్శబ్దం. లెక్చరర్ నోట ఆ మాట వినడం మాకు అదే మొదటిసారి. ఎవరో కిసుక్కుమన్నారు కూడా. మర్నాడు మేడమ్ వచ్చీ రాగానే బోర్డు మీద కొబ్బరికాయ అడ్డుకోత వేశారు. ఆ పువ్వు పిండం తాలూకు బీజదళం నుంచి పెరుగుతుందట, హాస్టోరియం అంటారట, లోపలి కొబ్బరినీ నీళ్లనీ పీల్చుకుని మొలకకి అందిస్తుందట. “నిన్న రాత్రి నేనూ నేర్చుకున్నాను” అన్నారు. ఏ పరీక్షలోనూ అది రాలేదు. ఆ క్లాసులో ఉన్నవాళ్లెవరూ మర్చిపోలేదు. ఆ వారం నుంచి మేమూ మెల్లగా “తెలియదు మేడమ్” అనడం మొదలుపెట్టాం, ఆవిడ క్లాసులో మాత్రమే. తర్వాతి పీరియడ్‌లో మళ్లీ పాత కథే. రోజుకి ఒక గంట అలవాటు, ఏడు గంటల భయం. ఏది గెలిచిందో పదకొండో బెడ్ దగ్గర చూశారు కదా.

నెలకోసారి స్టాఫ్ మీటింగ్ పెడతారు కదా, ఈ నెల మీటింగ్‌లో ఒక్క విషయం పెట్టండి. తెలియదన్న పిల్లని కూర్చోబెట్టి, “సరే, రేపు చెప్పు” అనడం. మర్నాడు తప్పకుండా ఆ పిల్లనే మళ్లీ అడగడం. ఖర్చు లేదు, కొత్త మెటీరియల్ అక్కర్లేదు, సిలబస్‌లో ఒక్క లైను మారదు.

నాకు ఈ నెల రెండో ఆదివారం, నాలుగో ఆదివారం డ్యూటీ లేదు. మీలో ఎవరు పిలిచినా వస్తాను. డబ్బులు వద్దు, బ్యానర్ వద్దు, ‘మా పూర్వ విద్యార్థిని’ అని ఫ్లెక్సీ అసలే వద్దు. ఇంట్లో ఇంకా పద్దెనిమిది పలకలు ఉన్నాయి, అవి తెస్తాను. బలపాలు మీరు కొనిపెట్టండి.

ఇట్లు,
ఒక హౌస్ సర్జన్,
మార్కాపురం